నికొడెమస్: కాన్సస్ గడ్డిమైదానంలో ఒక ఊరి పుట్టుక

సభాధ్యక్షులకు, పెద్దలకు, స్థానిక చరిత్రల మీద ఆసక్తితో ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

అమెరికాలో చిన్న ఊళ్ళు ఎలా పుట్టి ఎలా పెరిగాయో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. గనులు దొరికి రాత్రికి రాత్రే వెలిసినవి, రైలు కంపెనీలు పటం మీద గీత గీసి నిలబెట్టినవి, మత సమాజాలు తమ కట్టుబాట్లకు తగ్గట్టు కట్టుకున్నవి, ఇలా అక్కడ ఎన్నో రకాల ఊళ్ళు ఉన్నాయి. అన్నిటినీ పైపైన తడిమేకన్నా ఒక్క ఊరిని పట్టుకుని మొదటినుంచి చూడడం మేలని నాకు తోచింది. నేను ఎంచుకున్న ఊరి పేరు నికొడెమస్. కాన్సస్ రాష్ట్రం వాయవ్య భాగంలో, గ్రాహం కౌంటీలో, సాలమన్ నది దక్షిణ పాయకు దగ్గరలో ఉంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ నివాసం ఉన్నవారు 14 మంది. ఇంత చిన్న ఊరిని అమెరికా ప్రభుత్వం 1996లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి వారు అంతర్యుద్ధం (1861–65) తరువాతి పునర్నిర్మాణ కాలంలో, అంటే 1877 దాకా, మిసిసిపీ నదికి పడమటి వైపున స్థాపించుకున్న ఊళ్ళలో నేటికీ మిగిలి ఉన్నది ఇదొక్కటే కావడం అందుకు కారణం.

ఈ ఊరి కథను సాధారణంగా రైలు రాక పాడుబడిన ఊరి కథగా చెబుతారు. ఆ మాటలో అబద్ధం లేదు గానీ, నాకు అది సగం కథగానే కనిపిస్తుంది. నికొడెమస్ పేరు మీద నిజానికి రెండు ఊళ్ళు పెరిగాయి. ఒకటి భూముల కంపెనీ కాగితం మీద గీసిన ఊరు, అంటే వీధులు, ప్లాట్లు, దుకాణాలు, హోటళ్ళు. రెండోది ఆ ప్లాట్ల చుట్టూ ఉన్న 160 ఎకరాల కమతాల్లో స్థిరపడిన రైతు కుటుంబాల ఊరు. రైలు దెబ్బ తీసింది మొదటిదాన్ని. రెండోది ఆ తరువాత కూడా చాలాకాలం బతికింది, కొన్నేళ్ళు పెరిగింది కూడా. ఈ రెండింటినీ విడివిడిగా చూస్తేనే ఈ ఊరి చరిత్ర అర్థమవుతుందని నా అభిప్రాయం.

ముందుగా ఆ జనం ఎక్కడినుంచి, ఎందుకు కదిలారో చూద్దాం. వారిలో ఎక్కువమంది కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్, జార్జిటౌన్ పట్టణాలవారు, ఆ చుట్టుపక్కల పల్లెలవారు. కెంటకీ పరిస్థితి కాస్త విచిత్రమైనది. అంతర్యుద్ధంలో ఆ రాష్ట్రం, బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల తిరుగుబాటు పక్షంలో చేరలేదు. కాబట్టి తిరుగుబాటు ప్రాంతాలకు మాత్రమే వర్తించిన లింకన్ 1863 నాటి విముక్తి ప్రకటన అక్కడి బానిసలకు వర్తించలేదు. యుద్ధం ముగిసి, 1865 డిసెంబరులో రాజ్యాంగానికి 13వ సవరణ అమలులోకి వచ్చే వరకు అక్కడ బానిసత్వం చట్టబద్ధంగానే కొనసాగింది. ఆ తరువాత స్వేచ్ఛ వచ్చింది గానీ భూమి రాలేదు. పాత యజమానుల పొలాల్లోనే కూలికో పాలుకో పనిచేయాల్సి వచ్చింది, రాత్రిపూట గుర్రాల మీద వచ్చి ఇళ్ళ మీద పడే ముఠాల భయం ఉండనే ఉంది. 1877లో దక్షిణాది రాష్ట్రాల రాజకీయాల నుంచి కేంద్ర సైన్యం రక్షణ తొలగిపోయింది. ఇక ఆ ప్రాంతంలో తమకు న్యాయం దొరుకుతుందన్న ఆశ చాలామందికి అడుగంటింది.

కాన్సస్‌కు మాత్రం వారి మనసుల్లో వేరే పేరు ఉండేది. బానిసత్వాన్ని అడ్డుకోవడానికి రక్తం చిందించిన నేల అది, బానిసత్వాన్ని ఆయుధం పట్టి ఎదిరించిన జాన్ బ్రౌన్ పోరాడిన చోటు, 1861లో బానిసత్వం లేని రాష్ట్రంగా అమెరికా సమాఖ్యలో చేరిన ప్రాంతం. దానికి తోడు అక్కడ ప్రభుత్వ భూమి ఉంది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండినవారు గానీ, కుటుంబ పెద్ద గానీ, అన్నీ కలిపి సుమారు 18 డాలర్ల రుసుము కట్టి 160 ఎకరాలు తమ పేర నమోదు చేసుకోవచ్చు. అక్కడ ఇల్లు వేసుకుని, ఐదేళ్ళు నివసించి, భూమిని సాగులోకి తెస్తే పట్టా వస్తుంది. ఈ చట్టం చర్మం రంగును అడ్డు పెట్టలేదు. జీవితమంతా ఇంకొకరి పొలంలో చాకిరీ చేసినవాడికి 160 ఎకరాలన్న మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఆ ఆశను అందిపుచ్చుకున్నవాడు డబ్ల్యూ. ఆర్. హిల్ అనే తెల్లజాతి వ్యాపారి. కొత్త ప్రాంతాల్లో ఊళ్ళు స్థాపించి ప్లాట్లు అమ్మడం, వచ్చినవారికి భూములు చూపించి రుసుము తీసుకోవడం ఆయన వృత్తి. ఆయనతో చేతులు కలిపినవాడు డబ్ల్యూ. హెచ్. స్మిత్ అనే నల్లజాతి నాయకుడు. 1877లో వీరు నికొడెమస్ టౌన్ కంపెనీని ఏర్పాటు చేశారు. స్మిత్ అధ్యక్షుడు, సైమన్ రౌండ్‌ట్రీ అనే మతబోధకుడు కార్యదర్శి. బానిసగా ఉన్న రోజుల్లో చదువు నేర్చుకున్నందుకు శిక్షగా రౌండ్‌ట్రీ చెంప మీద వాత పెట్టారని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. చదివినందుకు వాత తిన్న మనిషి ఒక కంపెనీకి కార్యదర్శిగా కరపత్రాల మీద సంతకం పెట్టడం ఆ కాలపు మార్పుకు మంచి గుర్తు.

ఆ కరపత్రాల గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ ఊరు మొదట పుట్టింది వాటిలోనే. 1877 జూలై 2 తేదీతో, అమెరికాలోని నల్లజాతి పౌరులను ఉద్దేశించి వేసిన కరపత్రంలో, ఊరి స్థలం తమ స్వాధీనంలో ఉందని, అది కాన్సస్ రాజధాని టొపీకాకు 240 మైళ్ళ పడమట, సాలమన్ లోయలో ఉందని కంపెనీ ప్రకటించింది. టౌన్‌షిప్ 8, రేంజ్ 21, ఒకటో సెక్షన్, వాయవ్య చతుర్థ భాగం అని సర్వే వివరం కూడా ఇచ్చింది. అమెరికా ప్రభుత్వ సర్వేలో ఆరు మైళ్ళ చదరం ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. సెక్షన్‌లో నాలుగో వంతు 160 ఎకరాలు. అంటే ఒక రైతుకు దక్కే కమతం ఎంతో, ఊరి మొత్తం స్థలం కూడా అంతే. మంచి నేల, కట్టడాలకు పనికొచ్చే రాయి ఉన్నాయని కరపత్రం ఊరించింది. రాయి మాట నిజమే. తరువాత కట్టిన సున్నపురాయి భవనాలే అందుకు సాక్ష్యం. చెట్లు లేవని, వర్షం తక్కువని, దగ్గరి రైలు స్టేషను నుంచి రెండు రోజులు నడవాలని మాత్రం అది నొక్కి చెప్పలేదు.

లెక్సింగ్టన్‌లో వెలువడిన ఇంకో కరపత్రం నాకు దీనికన్నా ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది. దాన్ని రాసింది కంపెనీ కాదు, వెళ్ళదలచిన జనమే. ప్రభుత్వం వద్ద మంచి భూములు పుష్కలంగా ఉన్నాయని తెలిసి, లెక్సింగ్టన్‌లోని నల్లజాతి వారమైన మేము ఒక కాలనీగా ఏర్పడుతున్నామని తీర్మానించుకున్నారు. సభ్యత్వం ఒక డాలరు. ఆ డాలరును సెప్టెంబరు ఒకటో తేదీలోగా పావలా డాలరు చొప్పున వాయిదాల్లో కట్టవచ్చని తీర్మానంలోనే రాసుకున్నారు. నికొడెమస్‌లో కలిసి ఖాళీ భూముల్లో నమోదు కావడానికి ఐదు డాలర్లు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, ముగ్గురు ధర్మకర్తలు, మొత్తం ఏడుగురు పదవీధరులు. పన్నెండేళ్ళ కిందటి దాకా చట్టం దృష్టిలో ఆస్తిగా ఉన్న మనుషులు తీర్మానాలు, పదవులు, వాయిదాలు పెట్టుకుని ఒక సంస్థను నిర్మించుకున్నారు. హిల్ మాటలు నమ్మి గుడ్డిగా రైలెక్కిన అమాయకులుగా వారిని చిత్రించే రచనలు కొన్ని ఉన్నాయి. ఒక్క డాలరును నాలుగు భాగాలు చేసి వసూలు చేసుకున్న సంఘాన్ని అమాయకుల గుంపు అనడానికి నాకు మనసు ఒప్పదు.

1877 సెప్టెంబరులో లెక్సింగ్టన్ ప్రాంతం నుంచి సుమారు 300 మంది బయలుదేరారు. కాన్సస్ పసిఫిక్ రైలు మార్గంలో ఎల్లిస్ దాకా వచ్చి, అక్కడినుంచి ఉత్తరంగా సుమారు 35 మైళ్ళు నడిచారు. వచ్చి చూస్తే ఊరు లేదు. కరపత్రంలో చదివిన ఊరి స్థానంలో గడ్డి తప్ప ఇంకేమీ కనిపించలేదు. అంతకుముందు వేసవిలో వచ్చిన కొద్దిమంది నేలలో తవ్వుకున్న నివాసాల్లో ఉంటున్నారు. కోపం కట్టలు తెంచుకుంది. హిల్‌ను ఉరితీస్తామని కొందరు బెదిరించారని, ఆయన ప్రాణభయంతో దాక్కోవలసి వచ్చిందని చెబుతారు. దాదాపు 60 కుటుంబాలు అటునుంచి అటే వెనుదిరిగాయి. మిగిలినవారిలో కొందరికి తిరుగు ప్రయాణానికి డబ్బు లేకపోయి ఉండవచ్చు. ఇంకొందరు వెనక్కి వెళ్ళడం కన్నా ఇదే నయమనుకుని ఉండవచ్చు.

మరుసటి వసంతంలో జార్జిటౌన్ నుంచి రెవరెండ్ డేనియల్ హిక్మన్ వెంట ఇంకో బృందం వచ్చింది. ఎల్లిస్‌లో తట్టు వ్యాపించి వారి పిల్లలు కొందరు అక్కడే చనిపోయారు. బతికినవారు బండ్లు మాట్లాడుకుని, దారి అన్నది లేని మైదానంలో దిక్సూచి పట్టుకుని ప్రయాణించారు. ఆయన భార్య విలియానా హిక్మన్ చాలా ఏళ్ళ తరువాత ఆ రోజును గుర్తు చేసుకున్నారు. మగవాళ్ళు అదిగో నికొడెమస్ అని కేకలు వేశారు. జబ్బుతో నీరసించి ఉన్న ఆమె సంతోషంతో కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. ఏదీ, నాకు కనిపించడం లేదే అని అడిగింది. నేలలోంచి అక్కడక్కడ పైకి లేస్తున్న పొగలను భర్త వేలితో చూపించి, అదే నికొడెమస్ అన్నాడు. మనుషులు నేల కింద కాపురం ఉంటున్నారని అప్పుడు తెలిసింది. చూడడానికి ఏమాత్రం ఇంపుగా లేని ఆ ప్రదేశాన్ని చూసి ఏడుపు మొదలుపెట్టానని ఆమె దాచుకోకుండా చెప్పింది. అయినా హిక్మన్ దంపతులు వెనక్కి వెళ్ళలేదు. ఆయన అక్కడే చర్చి నడిపాడు.

ఆ నేలగుంత ఇళ్ళను ఎలా కట్టుకునేవారో చెప్పాలి. వాగు గట్టునో, చిన్న మిట్ట వాలునో ఎంచుకుని లోపలికి గదిలా తవ్వేవారు. మూడు వైపులా మట్టే గోడ. ముందు వైపున మాత్రం రాళ్ళతోనో, గడ్డివేళ్ళు అల్లుకుపోయిన మట్టి పెళ్ళలను ఇటుకల్లా పేర్చో గోడ కట్టి తలుపు పెట్టేవారు. పైన దొరికిన కొయ్యలు అడ్డంగా వేసి, కొమ్మలు, గడ్డి పరిచి, వాటి మీద మళ్ళీ మట్టి పెళ్ళలు కప్పేవారు. చలికి, గాలికి ఇది మంచి రక్షణే. వాన పడితే మాత్రం కప్పు కారేది, పాములు, ఎలుకలు సరేసరి. వంటచెరుకు దొరకదు కాబట్టి మైదానంలో ఎండిపోయి పడి ఉన్న అడవిదున్నల పేడను, పొద్దుతిరుగుడు కాడలను పొయ్యిలో పెట్టుకున్నారు. ఒక నేలగుంత ఇంట్లోనే తొలి బడి నడిచింది. స్మిత్ కూతురు జెన్నీ ఫ్లెచర్ పాఠాలు చెప్పింది. ఆమె భర్త జకరీ ఫ్లెచర్ ఊరికి తొలి పోస్ట్‌మాస్టర్. 1877 అక్టోబరు చివరలో చార్లెస్, ఎమ్మా విలియమ్స్ దంపతులకు హెన్రీ అనే కొడుకు పుట్టాడు. ఆ ఊరిలో పుట్టిన తొలి బిడ్డగా ఊరి చరిత్రలో అతని పేరు నిలిచిపోయింది.

ఆ తొలి చలికాలాన్ని ఎలా గట్టెక్కారు? విత్తే కాలం దాటాక వచ్చారు కాబట్టి చేతిలో పంట లేదు. వేట ముగించుకుని తిరిగి వెళుతున్న ఓసేజ్ తెగవారు తమ మాంసంలో కొంత పంచి ఇచ్చారని ఆ కుటుంబాల్లో తరతరాలుగా చెప్పుకునే మాట. తమ సొంత నేలను పోగొట్టుకున్న జనం, నేల కోసం వచ్చిన జనానికి తిండి పెట్టారు. నికొడెమస్ స్థిరపడిన ఆ మైదానం అంతకుముందు ఖాళీగా పడి ఉన్నది కాదు, ఇతర తెగల వేటభూమి అన్న సంగతి ఈ కథ చెప్పేటప్పుడు మరచిపోకూడదు. హోమ్‌స్టెడ్ చట్టం పంచిన ఉచిత భూమి ఎవరో ఒకరినుంచి తీసుకున్నదే. ఇక మగవాళ్ళు ఎల్లిస్‌కు, 20 మైళ్ళ తూర్పున ఉన్న స్టాక్‌టన్‌కు నడిచి వెళ్ళి దొరికిన పని చేశారు. రైలు మార్గం పనులకు పోయినవారూ ఉన్నారు. మైదానంలో చెల్లాచెదురుగా పడి ఉన్న దున్నల ఎముకలు ఏరి, బండ్లకెత్తి రైలు స్టేషనులో అమ్మారు. ఎరువుల తయారీకి ఆ ఎముకలు తూర్పు రాష్ట్రాలకు వెళ్ళేవి.

ఇక సాగు సంగతి. శతాబ్దాల తరబడి గడ్డి వేళ్ళు అల్లుకుపోయిన నేలను మొదటిసారి చీల్చాలంటే ఉక్కు నాగలి, దాన్ని లాగగల బలమైన గుర్రాలో ఎద్దులో కావాలి. ఊరంతటికీ వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని గుర్రాలు మాత్రమే ఉన్నాయి. చాలామంది మొదటి సంవత్సరం పారలతో, గడ్డపారలతో కొద్దిపాటి నేల తవ్వి మొక్కజొన్న వేశారు. భార్యాభర్తలు ఇద్దరూ తవ్వారు; మగవాడు కూలికి పోయిన ఇళ్ళలో భార్యే తవ్వింది.

దీనికి తోడు వాన. కెంటకీలో వారు చూసిన వానలో సగం కూడా ఇక్కడ పడదు. గ్రాహం కౌంటీలో కురిసేది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అంటే దాదాపు మన అనంతపురం అంత. ఆ సగటు కూడా ఏటా నమ్మదగింది కాదు. నికొడెమస్ నూరో రేఖాంశానికి కాస్త తూర్పున ఉంది. ఆ రేఖకు పడమట మామూలు వర్షాధార వ్యవసాయం నిలబడదని, పశువుల మేతతో బతికే కుటుంబానికి 160 ఎకరాలు చాలక 2,560 ఎకరాలు కావాలని, పడమటి ప్రాంతాలను సర్వే చేసిన శాస్త్రవేత్త జాన్ వెస్లీ పావెల్ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది సరిగ్గా 1878లోనే. ఆ నివేదికను అప్పటి రాజకీయ నాయకులు పట్టించుకోలేదు. తేమ నేలల కొలతలనే మెట్ట నేలల మీదా కొనసాగించారు. నికొడెమస్ రైతుల కష్టాల్లో పెద్ద భాగం వారి పేదరికం నుంచి కాక ఈ కొలత నుంచి వచ్చిందని నేననుకుంటాను. చుట్టుపక్కల తెల్ల రైతులు కూడా అదే కొలత కింద నలిగిపోయారు.

1879లో దక్షిణాది నుంచి వేలాదిమంది నల్లజాతి వారు కాన్సస్‌కు పోటెత్తారు. ఎక్సోడస్టర్లు అని చరిత్ర పుస్తకాలు పిలిచేది వారినే. నికొడెమస్ వారు అంతకు రెండేళ్ళు ముందే వచ్చారు కాబట్టి వీరిని ఆ వలసలో కలిపేయడం సరికాదు.

కాలం గడిచేకొద్దీ నేలగుంతల పక్కన మట్టి పెళ్ళల ఇళ్ళు, వాటి స్థానంలో సున్నపురాయి కట్టడాలు లేచాయి. ఎస్. జి. విల్సన్ అనే తెల్లజాతి వర్తకుడు 1879లో రాతి దుకాణం పెట్టాడు. ఫ్లెచర్ దంపతులు 1880లో సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్ కట్టారు. 1885లో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి భవనం వచ్చింది. బాప్టిస్టు సమాజం మొదటినుంచీ ఉంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ ఊరు నల్లజాతి వారిదే అయినా తెల్ల వర్తకులు, వైద్యులు, పత్రికా సంపాదకులు అందులో వ్యాపారాలు పెట్టుకున్నారు. లాభం ఉందనుకున్న చోట రంగు గీత కాస్త పలచబడింది.

రాజకీయంగా ఈ ఊరు తన పరిమాణానికి మించి ఎదిగింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో పుట్టి, షికాగోలో ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన ఎడ్వర్డ్ మెకేబ్ 1878లో మిత్రుడు ఏబ్రమ్ హాల్‌తో కలిసి ఇక్కడికి వచ్చాడు. భూముల సర్వే, నమోదు వ్యవహారాల్లో జనానికి సాయపడ్డాడు. 1880లో గ్రాహం కౌంటీ పాలన మొదలైనప్పుడు గవర్నర్ జాన్ సెయింట్ జాన్ ఆయనను తాత్కాలిక కౌంటీ క్లర్క్‌గా నియమించాడు. 1882లో మెకేబ్ కాన్సస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికై, 1884లో తిరిగి గెలిచాడు. పడమటి రాష్ట్రాల్లో రాష్ట్రస్థాయి పదవికి ఎన్నికైన తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే. తరువాత ఆయన ఓక్లహోమాకు వెళ్ళి లాంగ్‌స్టన్ అనే ఇంకో నల్లజాతి పట్టణ స్థాపనలో ముందు నిలిచాడు.

1880ల నడుమ కొన్నేళ్ళు వానలు బాగా కురిశాయి. పంటలు పండాయి, కొత్త జనం వచ్చారు, ప్లాట్ల ధరలు పెరిగాయి. 1886లో ఆర్థర్ టాల్‌మన్ వెస్టర్న్ సైక్లోన్ అనే పత్రిక మొదలుపెట్టగా, మరుసటి ఏడాది నికొడెమస్ ఎంటర్‌ప్రైజ్ వచ్చింది. కొన్ని వందల మంది ఉన్న ఊరికి రెండు వార్తాపత్రికలు, ఒక బ్యాంకు, హోటళ్ళు, దుకాణాలు, బేస్‌బాల్ జట్టు, సాహిత్య సమాజం, బ్యాండు మేళం ఉన్నాయి. ఆ రోజుల్లో ఇలాంటి పత్రికల అసలు పని వార్తలివ్వడం కన్నా ఊరిని తూర్పు పెట్టుబడిదారులకు అమ్మడమే. ప్రతి సంచికా ఊరికి ఒక ప్రకటన అనుకోవచ్చు.

అప్పుడు ఊరి ఆశలన్నీ రైలు మీద పెట్టుకున్నాయి. మైదానపు ఊళ్ళకు రైలు అంటే మార్కెట్టు. ధాన్యాన్ని బండి మీద 20, 30 మైళ్ళు తోలితే వచ్చే ధరలో మంచి భాగం దారి ఖర్చుకే పోతుంది. అందుకని కంపెనీలు తమ ఊరి మీదుగా పట్టాలు వేస్తే అందుకు ప్రతిఫలంగా పన్నుల మీద తీరే బాండ్లు ఇస్తామని ఊళ్ళు పోటీపడి ఓట్లు వేసేవి. 1887లో నికొడెమస్ ఓటర్లు మిస్సోరీ పసిఫిక్ రైల్వేకు 16,000 డాలర్ల బాండ్లు ఆమోదించారు. శాంటా ఫే కంపెనీ కూడా వస్తుందన్న మాట వినిపించింది. సర్వే వాళ్ళు వచ్చారు, మేకులు పాతారు, వెళ్ళిపోయారు. రెండు కంపెనీల్లో ఏ ఒక్కటీ పట్టాలు వేయలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ వేసిన మార్గం సాలమన్ నదికి అవతలి ఒడ్డున, ఊరికి ఐదారు మైళ్ళ దూరంలో సాగిపోయింది. పట్టాలు వేసే కూలీల బస ఉన్న చోట బోగ్ అనే ఊరు లేచింది. నికొడెమస్ వర్తకులు సరుకులతో పాటు దుకాణాల కట్టడాలను కూడా బండ్ల మీదికి ఎక్కించి నది దాటించారు. భయపడవద్దని, ఆస్తులు అమ్ముకోవద్దని, ఒక్కరు వెళితే వసంతానికి పదిమంది వస్తారని పత్రిక ధైర్యం చెప్పింది. కొంతకాలానికి పత్రికే ఉండలేదు.

కంపెనీ స్థాపకుడు హిల్ విషయం కూడా చెప్పాలి. ఆయన అదే కౌంటీలో తన పేరుతో హిల్ సిటీ అనే ఇంకో ఊరిని స్థాపించాడు. కౌంటీ కేంద్రం కోసం మిల్‌బ్రూక్ అనే ఊరితో అది పోటీపడుతుండగా 1887లో సుడిగాలి మిల్‌బ్రూక్‌ను నేలమట్టం చేసింది. 1888లో కౌంటీ కేంద్రం హిల్ సిటీకి దక్కింది, యూనియన్ పసిఫిక్ రైలు కూడా ఆ ఊరికే వచ్చింది. ఇదంతా ఆయన కుట్ర అనడానికి ఆధారం కావాలి. ఒక ఊరి వ్యాపారంలో నష్టం వస్తే ఇంకో ఊరిలో పూడ్చుకోగలగడం మాత్రం ఆయనకున్న సౌకర్యం. నికొడెమస్ వారికి ఆ సౌకర్యం లేదు.

ఇంతవరకు కాగితం మీద గీసిన ఊరి కథ. పొలాల ఊరు ఇక్కడితో ఆగలేదు. 1870ల చివర నమోదు చేసుకున్నవారిలో నిలబడగలిగిన కుటుంబాలకు 1880ల నడుమకు పట్టాలు చేతికొచ్చాయి. దుకాణం ఊరు మార్చగలదు, పట్టా ఉన్న పొలం మార్చలేదు. వారు బోగ్‌లో ధాన్యం అమ్ముకుని నికొడెమస్‌లో కాపురం చేశారు. టెనెసీలో బానిసగా పుట్టి 1878లో వచ్చిన ఆర్. బి. స్క్రగ్స్, కూలి పనుల మీద వచ్చిన డబ్బుతో భూమి పెంచుకుంటూ చివరికి 700 ఎకరాలకు పైగా సంపాదించాడు. చెట్టు లేని ఆ నేలలో ఆయన పెంచిన తోపులోనే ఏటా ఆగస్టు మొదట్లో విముక్తి ఉత్సవం జరిగేది. బ్రిటిష్ వెస్టిండీస్‌లో 1834 ఆగస్టు 1న బానిసత్వం రద్దయిన రోజుకు గుర్తుగా జరుపుకునే ఆ పండుగకు చుట్టుపక్కల కౌంటీల జనం తరలివచ్చేవారు. మొక్కజొన్న నుంచి చలికాలపు గోధుమకు మారడం కూడా వీరిని నిలబెట్టింది. 20వ శతాబ్దపు తొలి దశకం వరకు ఈ రైతు సమాజం పెరుగుతూనే వచ్చింది. 1907లో కొత్త బాప్టిస్టు చర్చి, 1918లో కొత్త బడి భవనం కట్టుకున్నారు. పాడుబడిన ఊరు అలాంటివి కట్టుకోదు కదా.

అసలైన దెబ్బ 1930లలో తగిలింది. గోధుమ ధరలు పడిపోవడం, వరుస కరవులు, ధూళి తుపానులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సగటు తెల్ల రైతు కన్నా తక్కువ భూమి, తక్కువ రుణ సౌకర్యం ఉన్నవారు ముందుగా కూలిపోయారు. ప్రభుత్వ ఉపాధి పథకం కింద 1939లో టౌన్‌షిప్ హాలును సున్నపురాయితో కట్టారు. ఊరికి అది చివరి పెద్ద కట్టడం. యువతరం డెన్వర్, టొపీకా, కాన్సస్ సిటీ, లాస్ ఏంజిలిస్ దారి పట్టింది. 1950 నాటికి ఊళ్ళో మిగిలింది 16 మంది. ఆ తగ్గుదల కాలంలోనే ఇక్కడ పెరిగిన వెరిల్ స్విట్జర్ 1954లో గ్రీన్ బే ప్యాకర్స్ ఫుట్‌బాల్ జట్టుకు తొలి రౌండులోనే ఎంపికయ్యాడు.

ఊరు వదిలినవారు దాన్ని మరచిపోలేదు. పాత విముక్తి ఉత్సవం పుట్టింటికి తిరిగి వచ్చే పండుగగా మారి, ఇప్పుడు జూలై ఆఖరి వారాంతంలో జరుగుతోంది. వంశస్థులు వందల సంఖ్యలో వస్తారు. వారిలో కొందరి పట్టుదల వల్లనే 1976లో జాతీయ చారిత్రక చిహ్నం హోదా, 1996లో జాతీయ ఉద్యానవనాల శాఖ ఆధ్వర్యంలో చారిత్రక స్థలం హోదా దక్కాయి. టౌన్‌షిప్ హాలు, సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్, రెండు చర్చిలు, బడి, ఈ ఐదు భవనాలే ఆ స్థలంలో లెక్కకొచ్చేవి.

నా అసంతృప్తి ఇక్కడే ఉంది. రక్షణ పరిధిలోకి వచ్చింది కంపెనీ గీసిన ఊరి భవనాలు. ఆ ఊరు పడిపోయాక కూడా జనాన్ని యాభై ఏళ్ళు నిలబెట్టిన పొలాలు ఆ హద్దుకు బయట ఉన్నాయి. వంశస్థుల్లో కొన్ని కుటుంబాలు ఇంకా అక్కడ సేద్యం చేస్తున్నాయి గానీ వారి సంఖ్య చాలా తక్కువ. మీలో ఎవరైనా ఈ ఊరి మీద పని చేయదలిస్తే భవనాల ఫొటోలతో కాక పట్టాల రికార్డులతో మొదలుపెట్టమని నా సలహా. అమెరికా భూమి కార్యాలయం ఇచ్చిన పాత పట్టాల్లో చాలావాటిని ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. కాన్సస్, గ్రాహం కౌంటీ, టౌన్‌షిప్ 8 దక్షిణం, రేంజ్ 21 పడమర అని వెతికితే ఏ సెక్షన్‌లో ఏ చతుర్థ భాగం ఎవరికి ఏ తేదీన దక్కిందో పేర్లతో సహా వస్తుంది. వాటిని 1880, 1900, 1910 జనాభా లెక్కల పట్టికలతో పోల్చి చూస్తే ఎవరు నిలబడ్డారో, ఎవరు అమ్ముకుని వెళ్ళారో ఇంటింటి లెక్కన తేలుతుంది.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ప్రశ్నలుంటే అడగండి.